బ్రేకు శాఖ

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు, ముందుగదిలో కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుని, కొత్తగా కొన్న చిన్న కారును నడిపే బాధ్యతలను కుటుంబ సభ్యులకు శాఖలవారీగా కేటాయించే కార్యక్రమం ప్రశాంతంగా ముగిసింది. ప్రశాంతంగా అంటే, మరిది ఒక్కసారే అలిగి లేచిపోయాడు. అత్తగారు రెండుసార్లే కళ్ళొత్తుకున్నారు.

కారు నడపడానికి ఒక మనిషి చాలడా అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళు నలుగురున్న ఇంట్లో ఎన్నడూ కాపురం చేసి ఉండరు. ఒక్కరే నడిపితే మిగతావాళ్ళు ప్రయాణికులైపోతారు. సొంత కారులో ప్రయాణికుడిగా కూర్చోవడమంటే సొంత పెళ్ళికి అతిథిగా వెళ్ళడమే. పైగా ఆ ఇంట్లో లైసెన్సు ఉన్నది ఒక్క కోడలికే. భర్త మూడుసార్లు పరీక్షకు వెళ్ళాడు. మూడోసారి పరీక్షాధికారి మధ్యలోనే కారు దిగి ఆఫీసుకు నడిచి వెళ్ళిపోయాడు. మరిదికి పరీక్ష రాయడం ఇష్టం లేదు, వాళ్ళు అడిగే ప్రశ్నల స్థాయి అతనికి నచ్చలేదు. మామగారి సంగతి వేరు. తనను పరీక్షించగల అధికారి ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం.

మామగారు నీటి సరఫరా శాఖలో వాల్వుల పర్యవేక్షకుడిగా రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క వాల్వునూ చేత్తో ముట్టుకోలేదు. తిప్పవలసిందిగా ఉత్తరాలు రాశారు. సభకు అధ్యక్షత సహజంగానే ఆయనదే.

కోడలి సమస్య మాత్రం చాలా చిన్నది. ఆమెకు ఊరికి అటు చివర ఉన్న పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం వచ్చింది. సోమవారం ఉదయం పదింటిలోగా వెళ్ళి సంతకం పెట్టకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు వెళ్తుందని ఉత్తరంలో రాశారు. రెండేళ్ళుగా ఆ ఉత్తరం కోసం ఎదురుచూసింది. ఆ ఉద్యోగానికని చెప్పే కారు కొన్నారు. అందుకే మొదటి రోజు ఇంటిల్లిపాదీ వెంట వెళ్ళి దింపాలని ముందే తీర్మానమైపోయింది.

"మామయ్యగారూ, రేపొక్కరోజుకు నేను బస్సులో వెళ్ళిపోతానండి. ఎనిమిదింబావుకే ఉంది," అని ఆమె మెల్లగా అంది.

"ఇంట్లో కారుండగా బస్సా? నలుగురూ ఏమనుకుంటారమ్మా?" అన్నారు మామగారు.

ఆ నలుగురూ ఎవరో ఇంతవరకు ఎవరూ చూడలేదు గాని, ఈ దేశం నడుస్తున్నది వాళ్ళ అభిప్రాయాల మీదే.

తర్వాత శాఖల పంపకం మొదలైంది. హారన్ శాఖను మామగారు స్వయంగా తీసుకున్నారు. ఆ సందర్భంగా క్లుప్తంగా ఇరవై నిమిషాలు మాట్లాడారు. "నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. కారుకు నోరు హారన్. ఇంజను లేని కారును తోసుకుని వెళ్ళొచ్చు. హారన్ లేని కారును ఎవరు గౌరవిస్తారు?" అని అడిగారు.

గేరు భర్తకు దక్కింది. మగవాడి చేతికి అందంగా అమిరే వస్తువు అదొక్కటేనని అత్తగారు అభిప్రాయపడ్డారు. ఇండికేటర్లు మరిదికి ఇచ్చారు. అతను వెంటనే తన విధానాన్ని ప్రకటించాడు. మనం ఎటు తిరుగుతామో దారిన పోయే ప్రతివాడికీ ముందే ఎందుకు చెప్పాలి? అవసరమైతే రెండో వైపు చూపిద్దాం, కనిపెట్టగలిగితే కనిపెట్టుకుంటారు.

వైపర్లూ, లోపలి అద్దమూ అత్తగారి పరమయ్యాయి. అద్దాన్ని ఆవిడ అప్పుడే బయటికి వెళ్ళి కోడలి ముఖం కనబడేలా తిప్పి వచ్చారు. వెనకొచ్చే బళ్ళతో మనకేం పని, ముందు కూర్చున్న మనిషి ముఖంలో విసుగు కనిపిస్తోందా లేదా అన్నదే ముఖ్యం. బయటి అద్దాలు రెండూ ఎవరైనా గీకుతారేమోనని మడిచేశారు.

మూడు పెడళ్ళు మిగిలాయి. వాటిని ఎవరూ అడగలేదు. కాళ్ళతో చేసే పని పెద్దలకు తగదు కనుక మూడూ కోడలికే అప్పగించారు. స్టీరింగు కూడా ఆమె చేతిలోనే ఉంటుంది గాని, ఎటు తిప్పాలన్నది మెజారిటీ ప్రకారం నిర్ణయిస్తారు.

"యాక్సిలరేటరు సంగతి నేను నోటితో చూసుకుంటాను," అన్నారు మామగారు. "బ్రేకు మాత్రం పూర్తిగా నీ శాఖే అమ్మా. పెద్ద పనేం లేదు. ఆపడం కూడా ఒక పనేనా?"

ఆమె తల ఊపింది. డ్రైవింగు స్కూల్లో నేర్పిన గురువు నలభై రోజులూ చెప్పింది ఒకటే మాట: "అన్నీ మర్చిపో తల్లీ, బ్రేకు మర్చిపోకు." ఆయన ఎంత తక్కువ స్థాయి శాఖను పట్టుకుని జీవితమంతా గడిపాడో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

భద్రతా పరికరాల మీద చర్చ త్వరగానే తేలిపోయింది. బెల్టు పెట్టుకోవడమంటే సొంతవాళ్ళ డ్రైవింగును అనుమానించడమే కనుక అది కుటుంబ గౌరవానికి భంగం. పెట్టుకోకపోతే కారు కీచుకీచుమంటుంది కనుక, బెల్టును ముందు బిగించి, దాని మీద మనిషి కూర్చోవాలి. కారుకూ తృప్తి, మనకూ తృప్తి. ఎయిర్‌బ్యాగు గురించి అత్తగారు ఒక్క ముక్కలో తేల్చేశారు: "దాన్ని పొరపాటున కూడా విప్పకండి. మళ్ళీ మడతపెట్టడం ఎవరి తరం?" ఆ పరికరం విప్పుకోకుండా ఉండేందుకు మామగారు తన రిటైర్మెంటు సన్మానంలో ఇచ్చిన ఇత్తడి షీల్డును ముందు సీటు ఎదురుగా ఉన్న దాని మూత మీదే జిగురుతో అతికించారు.

సోమవారం ఎనిమిదిన్నరకు అందరూ కారెక్కారు. కారు ముఖం ఇంటివైపు ఉంది. వీధిలోకి రావాలంటే వెనక్కి రావాలి.

"ఏమండీ, రివర్స్ వేయండి," అంది కోడలు.

"రివర్సా?" అన్నారు మామగారు. "మన వంశంలో వెనకడుగు వేసినవాడు లేడు."

అందరూ దిగి, కారును వెనకనుంచి కాక ముందునుంచి తోసి వీధిలోకి చేర్చారు. అలా తోస్తే అది వెనక్కి వెళ్ళినట్టు కాదట, మనం ముందుకు నడిచినట్టట. అప్పటికి తొమ్మిది కావడానికి పది నిమిషాలుంది. ఆమె మాత్రం బెల్టు మామూలుగా, మనిషి మీదుగా పెట్టుకుంది. "మా అమ్మాయి కాస్త భయస్తురాలు," అని అత్తగారు పక్కింటావిడకు కిటికీలోంచి సంజాయిషీ చెప్పారు.

శాఖల మధ్య సమన్వయం చూడముచ్చటగా ఉంది. మామగారు ముందు సీట్లోంచి చెయ్యి చాచి స్టీరింగు నడిబొడ్డున అరచేత్తో మోదుతూనే ఉన్నారు. భర్త వెనక సీటు మధ్యలో ముందుకు వంగి, రెండు సీట్ల సందులోంచి గేరు పట్టుకున్నాడు. అతని చెవి పక్కనుంచి అత్తగారి గొడుగు వంకీ ముందుకు సాగి వైపరు పుల్లను లాగుతోంది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు గాని, ఉన్న శాఖను వాడకపోతే తీసేస్తారని ఆవిడ భయం. కోడలి కుడి భుజం మీదుగా మరిది చెయ్యి ఒకటి వచ్చి ఇండికేటరు దగ్గర కాపలా కాస్తోంది. దూరంనుంచి చూస్తే ఆమెకు ఆరు చేతులున్నట్టుండేది. వాటిలో ఆమెవి మాత్రం రెండే, వాటికీ స్వేచ్ఛ లేదు.

"సెకండండీ," అంటే, "నాకు తెలీదా?" అని భర్త ఫోర్త్ వేసేవాడు. కారు దగ్గి, వణికి, ఆగిపోయేది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గాని, గేరు విషయంలో వినేవాడే చెప్పేవాడిని లోకువ కట్టాడు.

నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఎటు తిరగాలన్నదానిపై ఓటింగు జరిగింది. ఆసుపత్రి ఎడమవైపున్నదని కోడలికి తెలుసు. బాణం గుర్తుతో బోర్డు కూడా ఉంది. కానీ బోర్డుకు ఓటు హక్కు లేదు. మామగారు నేరుగా వెళ్దామన్నారు, మరిది కుడి అన్నాడు. అత్తగారు ఎవరి పక్షమూ వహించనన్నారు. భర్త తండ్రి ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు, చివరికి గేరు ముఖం చూశాడు. మెజారిటీ తేలేదాకా కారు ఆ కూడలి చుట్టూ ఏడుసార్లు తిరిగింది. ఏడోసారికి ట్రాఫిక్ పోలీసు సెల్యూట్ చేశాడు, ఎవరో పెద్ద నాయకుడి ముందస్తు వాహనమనుకున్నాడు పాపం. ఆ సెల్యూట్‌తో మామగారి మనసు కరిగి, ఎడమవైపుకు ఆమోదం తెలిపారు. మరిది కుడి ఇండికేటరు వేశాడు.

తొమ్మిదీ నలభై ఏడు. ఆసుపత్రి గోడ కనబడింది. గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అన్న అక్షరాలు కనబడ్డాయి. మామగారు వాటిని బిగ్గరగా చదివి, కారులో మాట్లాడుకుంటున్నవాళ్ళను మందలించి, హారన్ కొట్టారు. గేటు రెండు వందల అడుగుల దూరంలో ఉంది. ఇంకొక్క నిమిషం ఎవరూ ఏమీ చేయకుండా ఉంటే చాలు అనుకుంది కోడలు.

సరిగ్గా అప్పుడు పక్క సందులోంచి గాజు గ్లాసుల తోపుడుబండి రోడ్డు మీదికొచ్చింది. దాని వెనక ఒక ముసలాయన ఉన్నాడు.

కారు యంత్రాంగం తక్షణమే స్పందించింది. మామగారు రెండు చేతులతో హారన్ మోదారు. అత్తగారు వైపర్లను పూర్తి వేగంతో ఆడించి అద్దం మీద సబ్బునీళ్ళు కూడా చిమ్మారు. మరిది ఇండికేటర్లు కుడీ ఎడమా మార్చి మార్చి వేశాడు. భర్త గేరు ఒకటి పెంచాడు. విధి నిర్వహణలో ఎవరూ రవ్వంత అలసత్వం చూపలేదు.

కోడలు బ్రేకు తొక్కింది.

గ్లాసుల బండికి జానెడు దూరంలో కారు ఆగింది. ఒక్క గ్లాసూ పగల్లేదు. కారు ఆగింది గాని, అందులో ఉన్నవాళ్ళు ఆగలేదు. మామగారి నుదురు ఆయన ముప్ఫై ఏళ్ళ సేవలను కొనియాడుతున్న ఇత్తడి అక్షరాలకు తగిలి బొప్పి కట్టింది. భర్త రెండు సీట్ల సందులోంచి జారి, ఇన్నాళ్ళకు ముందు వరసలోకి వచ్చాడు. అత్తగారి కళ్ళజోడు మరిది చొక్కాలో దొరికింది. కోడలు మాత్రం కూర్చున్నచోటే ఉంది. అదే మొదటి అనుమానానికి దారితీసింది.

"ఎవరూ కదలకండి," అన్నారు మామగారు. "విచారణ ఇక్కడే, ఇప్పుడే జరగాలి."

ఆయన కారు దిగి, నడిరోడ్డు మీద, నుదుటికి చేతిరుమాలు అదుముకుని విచారణ ప్రారంభించారు. వెనక బళ్ళు ఆగిపోయాయి. జనం పోగయ్యారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"హారన్ పనిచేసిందా? చేసింది. మీరంతా విన్నారు. వైపర్లు పనిచేశాయి. ఇండికేటర్లు రెండు వైపులా పనిచేశాయి. గేరు ముందుకే పడింది. ఇన్ని శాఖలు ఇంత సమర్థంగా పనిచేస్తుండగా, ఎవరితోనూ సంప్రదించకుండా, ఒక్క మాటైనా చెప్పకుండా ఒక శాఖ ఏకపక్షంగా వ్యవహరించింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నా నుదుటి మీద ఈ బొప్పికి కారణం ఏమిటి? బ్రేకు."

"ఆ అమ్మ ఆపబట్టి బతికానయ్యా," అన్నాడు గ్లాసుల ముసలాయన.

"నువ్వు కలగజేసుకోకు. నీకు దెబ్బలేం తగల్లేదు. నీకు ఈ విషయంతో సంబంధం లేదు," అన్నారు మామగారు.

జనం అవునన్నట్టు తలలూపారు. బొప్పి కంటికి కనబడుతోంది. తప్పిపోయిన చావు ఎవరికి కనబడుతుంది?

తొమ్మిదీ యాభై రెండు. కోడలికి ఒక్కసారి ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. రెండింటికీ టైము లేదు. "మామయ్యగారూ, పదవుతోందండి. లోపల సంతకం పెట్టొస్తాను," అంది.

"విచారణ ముగిసేదాకా కదలకూడదని చెప్పానా?"

"మీరు కానివ్వండి," అని ఆమె బెల్టు విప్పుకుంది. తలుపు తీసుకుని దిగింది. తాళంచెవి తీసి భర్త చేతిలో పెట్టింది. ముసలాయన బండిని పక్కకు లాగి దారిచ్చాడు. ఆ రెండు వందల అడుగులూ ఆమె పరుగెత్తింది. వెనక నుంచి భర్త "ఏయ్, గేరు న్యూట్రల్లో ఉందా?" అని అడగడం వినిపించింది. ఆమె వెనక్కి తిరగలేదు.

మొదటి అంతస్తులో గుమాస్తా గడియారం చూసి, ఆమెను చూసి, రిజిస్టరు ముందుకు తోశాడు. పదికి రెండు నిమిషాలుండగా ఆమె సంతకం పెట్టింది. పక్కనే కిటికీ ఉంది, రోడ్డు అక్కడినుంచి బాగా కనిపిస్తోంది.

కింద విచారణ తుది ఘట్టానికి చేరింది. మామగారు కారు బానెట్ మీద ఒక చెయ్యి ఆనించి తీర్మానం చదువుతున్నారు. బ్రేకుదే తప్పని ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. చేతులు లేచాయి. బొప్పి చూసి జాలిపడి ఎత్తినవాళ్ళున్నారు, పక్కవాడు ఎత్తాడని ఎత్తినవాళ్ళున్నారు, త్వరగా ముగిస్తే వెళ్ళిపోదామని ఎత్తినవాళ్ళున్నారు. ఎక్కువమంది ఏం జరిగిందో తెలియకుండా వెనక వరసలోంచి ఎత్తారు. పాఠకమహాశయులారా, మీరు నిలబడింది అక్కడే.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఇక కారును తీయాలి. హారన్ కొట్టడానికి పదిమంది ముందుకొచ్చారు. గేరు వేస్తానని ఇద్దరు పోట్లాడుకున్నారు. అద్దం ఎటు తిప్పాలో చెప్పడానికైతే లెక్కేలేదు.

"సంతోషం," అన్నారు మామగారు. "మరి బ్రేకు దగ్గర ఎవరు కూర్చుంటారు?"

ఎత్తిన చేతులన్నీ కిందికి దిగాయి. మీది అందరికంటే ముందు దిగింది.