కిందికి దిగని పాడె

వీరవేణి పాడె భుజాలు వదిలి గాలిలోకి లేచినప్పుడు చింతలమెరకలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మోసేవాళ్ళు మరీ ఎక్కువైతే అలాగే తేలుతుందని భార నిర్ణయాధికారి సుదర్శనరావు ముందే చెప్పారు.

చట్టం చాలా సులువైనది. ఆన్‌లైన్‌లో తిట్లు పడి ఎవరైనా ప్రాణం తీసుకుంటే, తిట్టినవాళ్ళంతా వచ్చి పాడెకు భుజం పట్టాలి. బరువు ఎవరి మీద పడితే వాళ్ళే బాధ్యులు. లాయర్లతో, సాక్షులతో పనిలేదు. ఇప్పటిదాకా ఒక్కరి మీదా పడకపోవడం చట్టం తప్పు కాదు.

వీరవేణి చేసిందల్లా వరదలప్పుడు ఒక చానెలు మైకు ముందు నోరు విప్పడం. "బ్రెడ్డు పొట్లాలు చాలండి, కాసిని బియ్యం ఇప్పిస్తే వండుకుంటాం" అంది. సాయంత్రానికల్లా ఆ పిల్ల పేరు బ్రెడ్డు పాప అయింది. డబ్బులిచ్చి మాట్లాడించారని ఒక పార్టీవాళ్ళు తిట్టారు. తమకేమీ సంబంధం లేదని నిరూపించుకోవడానికి రెండో పార్టీవాళ్ళు ఇంకా గట్టిగా తిట్టారు. ఆ పిల్ల ముఖాన్ని ఎవరి ఒంటికో అతికించి ఫోన్లలో ఊరేగించారు. ఆమె నర్సింగు కాలేజీకి వెళ్ళడం మానేసింది, తర్వాత అన్నం తినడం మానేసింది. ఇక మానేయడానికి ఊపిరి ఒక్కటే మిగిలింది.

భుజం పట్టడానికి జనం బస్సుల్లో వచ్చారు. ఎవరికి వారు పద్ధతైన మనుషులే. పిల్లల్ని బడిలో దింపి వచ్చినవాళ్ళున్నారు, మాల వేసుకున్నవాళ్ళున్నారు. ఆడవాళ్ళు పాడె మోయకూడదు కాబట్టి, తిట్టిన ఆడవాళ్ళు మొగుళ్ళను పంపారు. రోడ్డు పక్కన ఇడ్లీ బండ్లు వెలిశాయి.

లెక్చరర్ భాస్కరమూర్తికి ఒక సందేహం వచ్చింది. "నేను తిట్టలేదండీ. నవ్వే బొమ్మ పెట్టానంతే."

"దానికి భుజం అక్కర్లేదండి. వేలు ఆనించి వెళ్ళండి, చాలు" అన్నారు సుదర్శనరావు.

భాస్కరమూర్తి వేలు ఆనించారు. తనకేమీ బరువు తెలియలేదన్నారు. అది నిజమే. అంతమంది పంచుకున్నాక ఎవరికీ ఏమీ తెలియలేదు. పాడె తలలకు పైన తేలుతూ సాగింది. జనం కింద కబుర్లు చెప్పుకుంటూ నడిచారు.

దింపుడు కళ్లం దగ్గర చిక్కొచ్చింది. అక్కడ పాడెను దించి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. ఎక్కడైనా కాస్త ప్రాణం ఉంటే లేస్తారని ఆశ. పాడె మాత్రం దిగలేదు. పేరు పిలిస్తే దిగవచ్చని అధికారి సలహా ఇచ్చారు.

"బ్రెడ్డు పాపా!" అని జనం ఒక్క గొంతుతో పిలిచారు. వెనకాల ఎవరో అలవాటు కొద్దీ నవ్వారు. పాడె ఇంకో జానెడు పైకి లేచింది.

అసలు పేరేమిటని అధికారి అడిగారు. అందరూ ఫోన్లు తీసి వెతికారు. అదే పేరు వచ్చింది. అంత కష్టపడి తిట్టినవాళ్ళలో ఒక్కడికీ ఆ పిల్ల పేరు తెలియదు.

శ్మశానానికి ఆడవాళ్ళు రాకూడదని తల్లిని వీధి చివరే ఆపేశారు. ఇప్పుడు ఆ నియమాన్ని సడలించి పిలిపించారు.

"పేరొక్కటి చెప్పమ్మా. మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు సుదర్శనరావు.

ఆవిడ తిన్నగా పాడె కిందికి వెళ్ళి నిలబడి తల పైకెత్తింది.

"వీరేణీ... దిగు తల్లీ. ఎండెక్కిపోతుంది. అమ్మనే."

పాడె దిగింది. మొత్తం బరువుతో ఆవిడ కుడి భుజం మీదికి దిగింది. మోకాళ్ళు నేలకు తగిలాయి. అంతమందిలో ఒక్కరూ ముందుకు రాలేదు. ఇప్పుడు చెయ్యి వేస్తే బరువు తెలుస్తుందని, తెలిస్తే బాధ్యులవుతారని అందరికీ తెలుసు.

అధికారి గడియారం చూసుకుని, బరువు పడిన మనిషి దొరికిందని ప్రకటించారు. ఆవిడకేమైనా అభ్యంతరం ఉందా అని మర్యాదగానే అడిగారు.

"నా పిల్లండి. నేను మొయ్యకపోతే ఎవరు మోత్తారండి?" అంది ఆవిడ.

నేరం ఒప్పుకున్నట్టు దాన్ని నమోదు చేశారు. తేలికపడి జనం బస్సులెక్కారు. బస్సు కదలకముందే భాస్కరమూర్తి ఫోను తీసి, పెంపకం సరిగ్గా ఉంటే ఇలా జరిగేది కాదని బాధపడుతూ రాశారు. పక్క సీట్లో ఆయన దానికి చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. వెనక సీట్లోవాళ్ళు తల్లికి ఏ పేరు బాగుంటుందా అని ఆలోచిస్తున్నారు.

సుదర్శనరావు ముందుచూపున్న మనిషి. మళ్ళీ దింపుడు కళ్లం దగ్గర ఇబ్బంది పడకూడదని, వెళ్ళేముందు వంగి ఆవిడ పేరు అడిగారు.

"ఆదిలచ్చండి" అంది ఆవిడ, పాడె కింద నుంచే.