గ్రంథాలయాధికారి ఎడమ చెవి

ఆ రోజు చిత్రకారుడికి మిగిలిన పని ఒక చెవి. ఎడమ చెవి. తొమ్మిదింటికి మొదలుపెడితే పదింటికి అయిపోతుంది. తర్వాత స్నానం, భోజనం, ఇస్త్రీ చొక్కా. నాలుగింటికి గ్రంథాలయంలో బొమ్మ ఆవిష్కరణ.

బొమ్మ చనిపోయిన గ్రంథాలయాధికారిది. బతికుండగా ఆయనకు ఫొటో దిగడం గిట్టేది కాదు. వెతగ్గా వెతగ్గా ఒకే ఒక్క గ్రూపు ఫొటో దొరికింది. అందులోనూ ఆయన వెనక వరుసలో, పొడుగాటి కాపలాదారు తల చాటున నిలబడ్డాడు. ఎడమ చెవి, సగం దవడ ఆ తల వెనక్కి పోయాయి. మిగిలిన మొహాన్ని పెద్దది చేయిస్తే చుక్కలు తప్ప ఏమీ రాలేదు. ఆ చుక్కల్లోంచి చిత్రకారుడు నెల రోజులు కష్టపడి ఒక మనిషిని బయటికి లాగాడు. లేని చెవిని ఎక్కణ్ణుంచి లాగుతాడు.

గ్రంథాలయంలో చదువుకునే గదికి ముప్పై అడుగుల ఖాళీ గోడ ఉంది. ఇరవై ఏళ్లుగా ఇతడు ఫొటోలు చూసి ఇతరుల తాతల్ని, మామల్ని వేస్తూ వచ్చాడు. తనకు తోచింది తాను వేసుకునే గోడ ఒక్కటీ దొరకలేదు. ఆ గోడ కోసం మూడుసార్లు అడిగాడు. మూడోసారి గ్రంథాలయం అధ్యక్షుడు తేల్చి చెప్పాడు.

"ముందు ఈ బొమ్మ వేయండి. ఇంటివాళ్లు ఒప్పుకుంటే ఆ గోడ మీకే. లేదంటే సున్నం కొట్టించేస్తాం."

ఫొటోలో లేని అవయవం కావాల్సి వస్తే చిత్రకారులు అద్దం తెచ్చుకుంటారు. అద్దంలో కుడి చెవి ఎడమ చెవి పని కూడా చేస్తుంది. ఊళ్లో ఎన్నో గోడల మీద ఎందరో పెద్దమనుషులు ఇతడి చేతులే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ పోల్చలేదు. మొహం ఉండగా చేతుల్ని ఎవరు చూస్తారు. అందుకని భార్య అద్దాన్ని గోడ మీంచి తీసి, కాన్వాసు పక్కన కుర్చీలో నిలబెట్టుకుని చెవి వేశాడు.

కాఫీ తెచ్చిన భార్య గ్లాసు పెట్టి నిలబడింది.

"ఇది మీ చెవి."

"చెవికి పేరుంటుందా? చెవులన్నీ ఒకటే."

"పాతికేళ్లుగా ఆ చెవితోనే మాట్లాడుతున్నాను. నాకు తెలీదా."

"తెలిస్తే ఏమంటావు?"

"ఏమీ అనను. అది వినే రకం కాదు."

చెవి పదింటికి అయింది. బాగా కుదిరింది. కాకపోతే ఆ మొహానికి కాస్త పెద్దదైంది. తగ్గించవచ్చు. కానీ బాగా కుదిరినదాన్ని చెరపడానికి అతడికి చెయ్యి రాదు. చెవికి తగ్గట్టు దవడ వెడల్పు చేశాడు. దవడ కింద నీడ ఎలా పడుతుందో ఫొటోలో లేదు, అద్దంలో ఉంది. దవడ వెడల్పయ్యాక బుగ్గ లోతుకు పోయినట్టు కనిపించింది. అద్దం చూసి బుగ్గ నింపాడు. బుగ్గ నిండేసరికి మెడ సన్నబడింది. మెడ సంగతీ చూశాడు.

పన్నెండింటికి గ్రంథాలయాధికారి భార్య, ఆమె ఆడపడుచు కబురు లేకుండా వచ్చారు. ఆడపడుచు బొమ్మ దగ్గరికంటా వెళ్లి తలను అటూ ఇటూ వంచింది.

"మా తమ్ముడి ముక్కు ఇంకా పొడుగు బాబూ. మా నాన్న ముక్కే వాడిది."

"ఫొటోలో అంతే కనిపించిందమ్మా."

"ఫొటో చనిపోయిందా, మా తమ్ముడు చనిపోయాడా? చెప్పింది వెయ్యి."

గ్రంథాలయాధికారి భార్య దూరంగా నిలబడి కళ్ల వైపే చూస్తోంది. కళ్లజోడు వెనక, చుక్కల్లోంచి వచ్చిన కళ్లు అవి. కటువుగా ఉన్నాయి.

"కళ్లు ఎలా ఉన్నాయమ్మా?" అని చిత్రకారుడు అడిగాడు.

"అలాగే ఉండేవి లెండి" అంది ఆమె. వెంటనే చెప్పులేసుకుంది.

ఆ గొంతు విని చిత్రకారుడు కళ్లు బాగా రాలేదని అనుకున్నాడు. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే గోడ. వాళ్లు వీధి మలుపు తిరగకముందే కుంచె అందుకున్నాడు. ముక్కు పొడిగించాడు. పొడుగు ముక్కు అద్దంలో సిద్ధంగానే ఉంది. తర్వాత కళ్లు. చూపు మెత్తగా ఉండాలి. అద్దంలోకి మెత్తగా చూశాడు. గోడ తలుచుకున్నాడు, చూపు ఇంకా మెత్తబడింది. దాన్ని అలాగే పట్టుకుని వేశాడు. మగవాడు అంత ఆప్యాయంగా ఎదుటివాళ్లను చూడడు. అద్దాన్నే చూస్తాడు.

రెండున్నరకు భార్య చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చింది.

"ఎవరీయన?"

"గ్రంథాలయాధికారి."

"నాలుగడుగులు వెనక్కొచ్చి చెప్పండి."

జానెడు దూరంలో నిలబడి పని చేసేవాడికి ముక్కు కనిపిస్తుంది, మొహం కనిపించదు. చిత్రకారుడు నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశాడు. కాన్వాసు మీద తానే ఉన్నాడు. కళ్లజోడు ఒక్కటే చనిపోయినవాడిది.

భార్య ఆ కళ్ల వంక చాలాసేపు చూసింది.

"మీరిలా చూడగలరని నాకు ఎవరూ చెప్పలేదు."

"నేను అద్దం వైపు చూశానే."

"తెలుస్తోంది."

గుడ్డను టర్పెంటైనులో ముంచి మొహం తుడిచేయబోయాడు. అంతలో గ్రంథాలయం వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు లోపలికే వచ్చేశాడు.

"అయిపోయిందా అండీ? అధ్యక్షుడుగారు కుర్చీలు కూడా వేయించేశారు."

"తడిగా ఉంది. ముట్టుకోకూడదు."

"అంచులు పట్టుకుంటాంలెండి."

తుడిస్తే బొమ్మ లేదు, బొమ్మ లేకపోతే గోడ లేదు. బొమ్మ పక్కన తాను కనిపించకుండా ఉంటే చాలు, ఎవరూ పోల్చలేరని అతడికి తోచింది. తువ్వాలును గడ్డం కిందినుంచి నెత్తి మీదికి బిగించి కట్టుకున్నాడు. చెవులు, దవడ, బుగ్గలు లోపలికి పోయాయి.

"ఇదేంటి?" అంది భార్య.

"పన్ను నొప్పి."

"ఎప్పణ్ణుంచి?"

"ఇప్పట్నుంచి."

కంగారులో అతడికి ఒక సంగతి తట్టలేదు. గ్రంథాలయం అధ్యక్షుడు పళ్ల డాక్టరు.

నాలుగింటికి చదువుకునే గదిలో తెర లాగారు. నలభైమంది కుర్చీల్లోంచి చూశారు. చప్పట్లు మొదలై, సగంలో సందేహించి, ఎలాగో పూర్తయ్యాయి. చిత్రకారుడు వెనక బీరువా చాటున ఉన్నాడు. అధ్యక్షుడు పేరు పెట్టి ముందుకు పిలిచాడు. రాక తప్పలేదు.

"ఆ కట్టేంటండీ?"

"పన్నండీ."

"పైదా, కిందదా?"

"సభ అయ్యాక చూద్దామండీ."

"మనిషి నొప్పితో నిలబడి ఉంటే నేను ఉపన్యాసం ఎలా ఇవ్వను? ఇలా వెలుతురులోకి రండి."

గదిలో వెలుతురున్నది ఒక్క కిటికీ దగ్గరే. బొమ్మను తగిలించిందీ అక్కడే. అధ్యక్షుడు అతణ్ణి సరిగ్గా బొమ్మ కింద నిలబెట్టి, తువ్వాలు విప్పి, నోరు తెరిపించాడు. వేలితో పళ్లన్నీ తట్టి చూశాడు. తర్వాత చెవి చూశాడు. తల ఎత్తి బొమ్మను చూశాడు. మళ్లీ చెవి చూశాడు.

"పళ్లు బాగానే ఉన్నాయి" అన్నాడు.

ముందు వరుసలో ఆడపడుచు లేచి నిలబడింది. "ఇది మా తమ్ముడు కాదు. ఈయనే."

చిత్రకారుడి నోరు ఇంకా తెరిచే ఉంది. గోడ వైపు ఒక్కసారి చూసుకున్నాడు. సున్నం కొట్టినట్టే కనిపించింది.

"అవును, ఆయన కాదు" అంది గ్రంథాలయాధికారి భార్య, కూర్చున్న చోటినుంచే. "మధ్యాహ్నం నేను చూసినప్పుడు ఆ కళ్లు అచ్చం ఆయనవే. ముప్పై నాలుగేళ్లు వాటి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. ఇప్పుడున్నవి వేరే. వీటినే ఉండనివ్వండి."

"తమ్ముడి పేరు రాసి, పైన పరాయివాడి మొహం పెడతావా?"

"పేరు ఉంచమనే అంటున్నాను కదా వదినా."

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "అంటే ఇంటివాళ్లు ఒప్పుకున్నట్టేనా?"

"ఆ ఇంట్లో ఇప్పుడున్నది నేనొక్కదాన్నే. ఒప్పుకున్నాను."

అన్న మాట అన్నదే కాబట్టి అధ్యక్షుడు గోడ ఇచ్చేశాడు. వచ్చే సోమవారం నుంచి మొదలుపెట్టుకోమన్నాడు. చిత్రకారుడు కృతజ్ఞతలు చెప్పబోయి, ఎవరికి చెప్పాలో తేలక ఊరుకున్నాడు.

సోమవారం అతడు నిచ్చెన వేసుకుని పని మొదలుపెట్టాడు. అదే వారం అతడి భార్య గ్రంథాలయంలో సభ్యురాలైంది. రోజూ మూడింటికి వచ్చి బొమ్మకు ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చుంటుంది. నిచ్చెన మీంచి అతడు పలకరిస్తే తల తిప్పదు. పక్క కుర్చీలో గ్రంథాలయాధికారి భార్య ఉంటుంది. ఇద్దరూ ఇంతవరకు ఒక్క పుస్తకమూ తీసుకోలేదు.