ఇంగ్లండ్ వాన, రాయచోటి పెళ్లి

స్వదేశానికి తిరిగి వెళ్లాలా, వద్దా అన్న ప్రశ్నను మానవజాతి ఇంతకాలం గుండెకు వదిలేసి చేతులు దులుపుకుంది. ఆ ప్రశ్నను నియమావళి ప్రకారం, నాలుగు ప్రతుల్లో, కార్బన్ కాగితం పెట్టి పరిష్కరించడానికి పూనుకున్న ఘనత 1978 సెప్టెంబరులో కువైట్‌లో, రుమైథియాలోని ఒక విల్లా ముందుగదిలో సమావేశమైన పద్నాలుగు మంది ఆంగ్లేయులది. ఈ సంగతి చరిత్ర పుస్తకాల్లో లేదు. నాకెలా తెలుసంటే, ఆ నాలుగు ప్రతులూ టైపు చేసింది నేనే.

నా పేరు బాలసుబ్బయ్య. మాది రాజంపేట. షువైఖ్‌లో పంపులు, జనరేటర్లు అమ్మే ఒక కంపెనీ గోడౌన్ ఆఫీసులో టైపిస్టును. మా మేనేజరు క్లిఫర్డ్ ఆస్పినాల్ గారు ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ అనే ఊరివారు. ఆయనే ఆ సంఘానికి అధ్యక్షుడు. సంఘం పేరు స్వదేశ పునరాగమన పరిశీలక సంఘం. ప్రతి నెలా మొదటి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆయన ఇంట్లోనే కూర్చునేవారు. సెలవు రోజు నేనెందుకు రావాలని అడిగితే, ఇది ఆఫీసు పని కాదు గనుక సెలవు చెడినట్టు కాదని ఆయన ఓపికగా వివరించారు.

పద్ధతి చాలా సులువు. ఒక కాగితం మీద రెండు గడులు. ఒకటి ఇంగ్లండ్, ఒకటి కువైట్. ఇంగ్లండ్ వానకు నాలుగు మార్కులు తీసివేత, తుంపరకు రెండు. అక్కడి పచ్చగడ్డికి అయిదు కలపడం, పంది మాంసం సాసేజికి ఆరు. కువైట్ దుమ్ముగాలికి ఆరు తీసివేత, పన్ను లేనందుకు పన్నెండు కలపడం. మద్యం దొరకనందుకు ఎనిమిది తీసేయాలని మొదట అనుకున్నారుగాని, సభ్యుల స్నానాల గదుల్లో తయారవుతున్న ద్రాక్షరసం దృష్ట్యా ఒక్క మార్కుతో సరిపెట్టారు. (అది ద్రాక్షరసమేనని అందరూ నిండు మనసుతో నమ్మేవారు.) ఏడో నియమం ప్రకారం సొంత పెరటి గులాబీల గురించి మాట్లాడుతూ ఎవరూ కంటతడి పెట్టరాదు. తొమ్మిదో నియమం అన్నిటికన్నా ముఖ్యం: ఏ నెల ఇంగ్లండ్‌కు ఎక్కువ మార్కులు వస్తాయో, ఆ నెల నుంచి ముప్పై రోజుల్లో సభ్యులందరూ మూటాముల్లె సర్దుకుని స్వదేశానికి బయలుదేరాలి.

ప్రతి నెలా కువైట్ గెలిచేది. సభ్యులు ప్రతి నెలా నిట్టూర్చేవారు.

ఆ ఇంట్లో పనిచేసే జులేఖాది రాయచోటి. భర్త చనిపోయాక, ఒక్కగానొక్క కూతురు మౌలాబీని అక్క రజియా బీ దగ్గర వదిలి 1976లో వచ్చింది. వచ్చిన కొత్తలో కొన్నాళ్లు ఒక కువైటీ ఇంట్లో చేసింది గనుక ఆస్పినాల్ భార్య మురియెల్‌ను కూడా మామా అనే పిలిచేది. (ఇక్కడ ఇంటి యజమానురాలిని అలాగే అంటారు. మన మేనమామతో సంబంధం లేదు.) రెండేళ్లకు ఒకసారి రెండు నెలల సెలవని కాగితంలో ఉంది. ఆ కాగితం, దాంతోపాటు ఆమె పాస్‌పోర్టు, భద్రత కోసం మా ఆఫీసు బీరువాలో ఉన్నాయి.

1978 చివర్లో ఒక శుక్రవారం, నేను టైపు మిషను సర్దుకుంటుంటే వచ్చి నిలబడింది.

"సుబ్బయ్యన్నా, నాకు రొండేండ్లు అయిపాయె. మా మౌలాబీకి సంబంధం కుదిరినాది. పిల్లోడు టైలరు, మాబు అని. ఏప్రిల్‌లో నిఖా అంటాండారు. సార్‌కు రోంత చెప్పన్నా."

చెప్పాను. ఆస్పినాల్ గారు పైపు వెలిగించుకుని న్యాయమూర్తిలా ఆలోచించారు.

"మేం వెళ్లాలా వద్దా అన్నది సంఘం పరిశీలనలో ఉంది. వెళ్లాలని తేలితే ఆమె ఎలాగూ ఇంటికి వెళ్తుంది. ఇప్పుడొకసారి వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లడం ప్రణాళిక అనిపించుకోదు. తేలేదాకా ఆగమను."

వచ్చి జులేఖాకు అదే చెప్పాను.

"అంటే వాళ్ల దేశంలో వాన నిలిస్తేనే నా కూతురికి పెండ్లా?"

నేను టైపిస్టును. వ్యాఖ్యానించే అధికారం లేదు.

ఈ కబురు ఉత్తరంలో రాయచోటి చేరింది. అమ్మ రాకుంటే నిఖాకు ఒప్పుకోనని మౌలాబీ తెగేసి చెప్పింది. దాంతో పెళ్లికొడుకు పెదనాన్న పీర్ సాహెబ్ రంగంలోకి దిగాడు. ఆయనకు బస్టాండు దగ్గర సైకిల్ షాపు, ఆ షాపులో ఒక రేడియో ఉన్నాయి. లండన్ నుంచి వచ్చే ఉర్దూ వార్తలు వినడం మొదలుపెట్టాడు. ఇంగ్లండ్ బాగుపడితే దొరలు వెళ్తారు, దొరలు వెళ్తే పెళ్లికూతురి తల్లి వస్తుంది. ఇంత సూటిగా ఉన్న విదేశాంగ విధానం నేను మరెక్కడా చూడలేదు. 1979 జనవరిలో ఇంగ్లండ్ లారీ డ్రైవర్లు సమ్మె కట్టి, ఆ వెంటనే చెత్త ఎత్తేవాళ్లూ మానేస్తే, రాయచోటిలో పెళ్లికొడుకు తరఫు వాళ్లకు రెండు పూటలు అన్నం సయించలేదట. మార్చిలో పీర్ సాహెబ్ నుంచి నాకు ఉత్తరం: "అక్కడ చెత్త ఎత్తేశారని రేడియో చెబుతోంది. నిజమైతే వెంటనే రాయగలరు. షామియానా వాడికి మాట ఇవ్వాలి."

చెత్త ఎత్తేశారు. కాని వాన ఆగలేదు. ఏప్రిల్ పోయింది. మరుసటి ఏప్రిల్ కూడా పోయింది. పెళ్లికోసం తనే కుట్టుకున్న కోటును మాబు ఈలోగా రెండుసార్లు విప్పి వదులు చేసుకున్నాడు.

ఇంగ్లండ్ గెలవకపోవడానికి వానొక్కటే కారణం కాదు. ఆ ఇంటి వంటమనిషి అచ్చిబాబు కూడా కొంత కారణం. కోనసీమ మనిషి. దొరలు వెళ్లిపోతే తన ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి, పోతుందని అతని భయం. అందుకని వాళ్ల ఊరి పుడ్డింగు, వాళ్ల ఊరి గ్రేవీ వాళ్ల తల్లుల కన్నా బాగా చెయ్యడం నేర్చుకున్నాడు. సమావేశంలో ఎవరికైనా ఇంటిమీద గాలి మళ్లినట్టు కనిపిస్తే పళ్లెం తెచ్చి ముందు పెట్టేవాడు. రెండు ముద్దలు తినేసరికి ఇంగ్లండ్ అవసరం తీరిపోయేది.

"నీ పుడ్డింగు పాడుగాను, నా కూతురి బతుకుమీద పోస్తాండావు గదరా గ్రేవీ!" అని ఒకరోజు జులేఖా వంటింట్లో ఏడ్చేసింది.

అచ్చిబాబు గరిటె కింద పెట్టాడు. "నన్నేం చెయ్యమంటావక్కా? ఈళ్లు ఎల్లిపోతే నేనెక్కడికెల్లనూ? అయినా ఒక మాట చెప్తాను ఇను. మూడేళ్ల నుంచీ వండి పెడతన్నాను. ఎల్లిపోయేవోళ్ల ఆకలి ఇలాగుండదు. ఈళ్లు ఎల్లరు. పుడ్డింగు మాడబెట్టినా ఎల్లరు."

జులేఖా కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఏడవలేదు.

1980 అక్టోబరులో ఆమె పట్టుపట్టి తన సంగతి సంఘం ముందు పెట్టించింది. చర్చ గౌరవప్రదంగా సాగింది. తల్లి కూతురి పెళ్లికి ఉండాలన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదని నమోదు చేశాను. ఇద్దరు స్త్రీ సభ్యులు ముక్కు చీదుకున్నారు. (గులాబీల ప్రస్తావన కాదు గనుక ఏడో నియమం వర్తించదని అధ్యక్షుడు తీర్పు ఇచ్చారు.) సమస్యల్లా ఒక్కటే: ఆ రెండు నెలలు ఇంటిపని ఎవరు చేస్తారు? అప్పుడు మురియెల్ మొహం వెలిగిపోయింది.

"జులేఖాకు పద్దెనిమిదేళ్ల కూతురుంది కదా! ఆ పిల్లను పంపిస్తే సరి. తల్లి నిశ్చింతగా పెళ్లికి వెళ్లి రావచ్చు."

అందరూ భేష్ అన్నారు. నేను తెలుగులో చెప్పాను. జులేఖా ట్రే పట్టుకునే ఉంది.

"మామా, ఆ పెండ్లి దానిదే."

దీన్ని ఇంగ్లీషులో చెప్పాను. తరువాత టాటర్సాల్ అనే సభ్యుడు, పెళ్లికూతురు హాజరు కావడం ఎన్ని రోజులు తప్పనిసరో కనుక్కోమన్నాడు. తీర్మానం: ఈ విషయమై వివరాలు తెప్పించుకుని వచ్చే ఏడాది పరిశీలించవలెను.

ఆ తీర్మానం నాలుగు ప్రతులు కొట్టి బయటికొస్తే గేటు దగ్గర జులేఖా నిలబడి ఉంది.

"మార్కులు కాగితంమీద కొట్టేది నువ్వే గదన్నా?"

"నేనే."

"వాళ్లు ముందు దాన్ని కూడి చూసుకుంటారా?"

"చూడరు. నామీద నమ్మకం."

అంతే, లోపలికి వెళ్లిపోయింది. ఇంటిదగ్గర నా మీద ఆధారపడినవాళ్లు ఆరుగురు. బీరువాలో జులేఖా పాస్‌పోర్టు పక్కనే నా పాస్‌పోర్టూ ఉంది.

నవంబరు పట్టికకు సభ్యులు ముందుగా రాసి పంపిన మార్కులు కూడితే ఇంగ్లండ్‌కు 46, కువైట్‌కు 61. టైపు చేసినప్పుడు ఇంగ్లండ్‌కు 64 పడింది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో నేను చేసిన టైపు తప్పు ఇదొక్కటే. నాలుగు ప్రతుల్లోనూ స్పష్టంగా పడింది.

శుక్రవారం సమావేశంలో ఆస్పినాల్ గారు మార్కులు చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివారు.

"ఇంగ్లండ్ గెలిచింది."

దుమ్ముగాలి వీస్తున్నప్పుడు కూడా ఆ గది అంత ఊపిరాడనట్టు ఉండేది కాదు. మురియెల్ భర్త వైపు తిరిగి చాలా మెల్లగా అడిగింది.

"ఎక్కడికి వెళ్తాం, క్లిఫ్? మన ఇంట్లో అద్దెకున్నవాళ్లు గోడలకు నారింజ రంగు వేసుకున్నారట. అమ్మ పోయింది. మన వీధిలో నన్ను గుర్తుపట్టేవాళ్లు ఎవరున్నారు?"

ఆ మాటకు నాకు నిజంగానే జాలి వేసింది. అప్పుడు టాటర్సాల్ లేచి, తొమ్మిదో నియమంలో 'బయలుదేరాలి' అన్నచోట 'బయలుదేరడం గురించి ఆలోచించాలి' అని సవరించాలని ప్రతిపాదించాడు. పద్నాలుగు చేతులూ ఒక్కసారిగా లేచాయి. గది ఊపిరి పీల్చుకుంది.

సరిగ్గా అప్పుడే జులేఖా, వెనక అచ్చిబాబు లోపలికి వచ్చారు. పళ్లెంలో పుడ్డింగు లేదు. పద్నాలుగు కప్పుల్లో సేమియా పాయసం ఉంది. ఇంగ్లండ్ గెలిచిందని నేను ముందే చెప్పి ఉండటంతో, నోరు తీపి చెయ్యడానికి మధ్యాహ్నం నుంచి వండారు. సభ్యులు అదేమిటో తెలియక మొహమాటానికి తిన్నారు. అందరి చేతుల్లో కప్పులున్నప్పుడు ఆమె నా వైపు చూసింది.

"అన్నా, నేను చెప్పింది చెప్పినట్ల ఇంగిలీసులో చెప్పు. ఒక్క మాట గూడా మింగొద్దు."

"చెప్పు."

"మామా, మీ దేశం గెలిచినా మీరు పోరని నాకు తెల్సు. మీకు పోవాలని లేదు. లేకుంటే తప్పేం లేదు, ఉండండి. నాకు పోవాలని ఉండాది. నాలుగున్నరేండ్లాయె. నా బిడ్డ నాకోసం పెండ్లి ఆపుకోని కూచున్నాది. మీరు రొండు నెల్లు ఇస్తే రొండు నెల్లకు వస్తా. ఈకుంటే ఖలాస్, ఇంగ రాను. ఏదైనా సరే, ఈ పొద్దే చెప్పాల. మల్లా నెల గాదు."

ఒక్క మాట మింగకుండా చెప్పాను.

ఆంగ్లేయులు యాభై డిగ్రీల ఎండను తట్టుకుంటారు, ఇసుక తుపానును తట్టుకుంటారు. కాని అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరైనా అందరి ముందు పైకి అంటే వాళ్లు తట్టుకోలేరు. ఆస్పినాల్ గారి మెడ ఎర్రబడింది. రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంచడం కుదరదు గనుక ఖలాసే మంచిదన్నారు. ఆమెను పనిలోంచి వదిలేస్తున్నట్టు అక్కడికక్కడే నా కాగితం మీద రాసి సంతకం పెట్టారు. ఆ సంతకం చూసి కఫీల్, అంటే ఆమె వీసాకు పూచీ ఉన్న కువైటీ, కూడా సంతకం పెట్టాడు. బీరువా తాళం తీసి పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టింది నేనే. అట్టమీద దుమ్ము చీర కొంగుతో తుడిచి, లోపల తన ఫోటో చూసుకుని, "ఎంత పిల్లగా ఉన్నానన్నా" అంది.

విమానాశ్రయానికి నేను, అచ్చిబాబు వెళ్లాం. మురియెల్ రాలేదుగాని, పెళ్లికూతురికని ఒక టేబుల్ గుడ్డ పంపింది. దానిమీద గులాబీలు కుట్టి ఉన్నాయి.

డిసెంబరు చివర్లో నిఖా జరిగింది. కోటు గుండీలు పట్టలేదని, మాబు షాలువా కప్పుకుని కూర్చున్నాడని రజియా బీ రాయించింది. తల్లి పక్కన కూర్చుంటేనే 'కుబూల్' అంటానని మౌలాబీ ఖాజీకి ముందే చెప్పిందట. పీర్ సాహెబ్ ఆ రోజు నుంచి లండన్ వార్తలు వినడం మానేశాడట. ఆ దేశం ఏమైపోయినా తనకు సంబంధం లేదన్నాడట.

ఇక్కడ జనవరి సమావేశంలో కువైట్‌కు మార్కులు నిజంగానే పడిపోయాయి. ఇస్త్రీ లేని చొక్కాలకు మూడు, కడగని కప్పులకు నాలుగు, మురియెల్ నడుం నొప్పికి అయిదు తీసేశారు. ఇంగ్లండ్ రెండే మార్కుల దూరంలోకి వచ్చింది. సభ్యుల మొహాల్లో మళ్లీ ఆ భయం చూశాను. అత్యవసరంగా మనిషిని వెతికారు. మూడు వారాల్లో కడప నుంచి సుల్తాన్‌బీ అనే ఆమె దిగింది. పాస్‌పోర్టు భద్రత కోసం బీరువాలో పెట్టాం.

మొదటి రోజు మురియెల్ చెప్పిన మాటలు నేనే ఆమెకు తెలుగులో చెప్పాను. "మేం ఇక్కడ ఎక్కువ రోజులు ఉండం. వచ్చే ఏడాది మా దేశానికి వెళ్లిపోతాం. నీ సెలవు సంగతి అప్పుడు చూద్దాం."

ఒక్క ఏడాదే కదా అని సుల్తాన్‌బీ నా చేతులు పట్టుకుని దండం పెట్టింది.