కాంటాకు కొత్త నంబరు

లోకంలో ఏ వస్తువూ ఉన్నచోట ఉండదు. అది ఎక్కడుందని కంప్యూటర్ అనుకుంటే అక్కడే ఉంటుంది. ఆర్మూర్ పసుపు మార్కెట్ ఈ పరమసత్యాన్ని గ్రహించే సమయానికి ఆలూర్ ఊరి ముత్తెమ్మ పసుపు బస్తాలు ఆరుబయట ఉన్నాయి, నల్లమబ్బు సరిగ్గా వాటి మీదే ఉంది.

సరుకు అమ్ముడుపోవాలంటే ఆఫీసు కంప్యూటర్ తూకం యంత్రాన్ని 'కాంటా' అని పేరుపెట్టి పిలిచి, తూకం తెప్పించుకోవాలి. అయితే కంప్యూటర్లు పేరుకు పలకవు, నంబరుకు పలుకుతాయి. ఏ పేరుకు ఏ నంబరో చెప్పడానికి వేరే కంప్యూటర్ ఉంది. దాన్ని మాటిమాటికీ విసిగించకుండా, ఒకసారి విన్న జవాబును ఆఫీసు కంప్యూటర్ కొన్నాళ్లు గుర్తుపెట్టుకుంటుంది. (రైతులు అడిగింది గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఇంకా పరిశీలనలో ఉంది.)

ఇటీవల కాంటాను కొత్త షెడ్డుకు మార్చి, కొత్త నంబరు ఇచ్చారు. పాత నంబరు క్యాంటీన్ కంప్యూటర్‌కు దక్కింది. ముత్తెమ్మ పసుపు ఎంత తూగిందని ఆఫీసు అడిగితే, "రెండు చాయ్, ఒక సమోసా" అని జవాబొచ్చింది.

ముత్తెమ్మకు అది ఏడాది పంట మరి. నామ-నంబరు సమన్వయాధికారి జయరాజ్ దగ్గరికి పరుగెత్తింది.

"సారూ, కాంటా గదిగో, ఎదురుంగనే ఉన్నది. జర సూసి రాస్కోండ్రి."

"నీకు కనబడ్తది పెద్దమ్మా. కంప్యూటర్‌కు కనబడాలె గదా!"

"మరి గా పాత నంబర్ మర్శిపొమ్మని దానికి చెప్పుండ్రి."

జయరాజ్ నొచ్చుకున్నాడు. "అమాస పోయేదాక మర్వొద్దని నేనే పెట్టిన. అమాస ముంగట కొత్త అడ్రస్‌ల బేరం షురూ జేస్తే కమీషన్ తీస్కునే అడ్తిదారులు ఊకుంటరా?"

(అమావాస్యకు మార్కెట్ మూసే ఆనవాయితీని మనుషులకే పరిమితం చేయడం అన్యాయమని ఆయన అభిప్రాయం.)

అయినా ఆయన మనసు కరిగింది. నంబరు సరుకు దగ్గరికి రాలేనప్పుడు సరుకే నంబరు దగ్గరికి పోవాలని ఆదేశించాడు. హమాలీలు బస్తాలను క్యాంటీన్‌కు మోయసాగారు. క్యాంటీన్ నడిపే సీతాబాయి వాటిని ఎగాదిగా చూసి, "గిదంత పాలల్ల వెయ్యాల్నా?" అని అడిగింది.

అంతలో వాన దంచింది. ముత్తెమ్మ బస్తాల మీద కొంగు కప్పింది. కొంగెంత, వానెంత! అక్కడే కూలబడి ఏడ్చింది.

అమావాస్య పోయింది. హమాలీలు తడిసిన బస్తాలను తిరిగి కాంటా మీదికి చేర్చారు. ఆఫీసు కంప్యూటర్ కొత్త నంబరు అడిగి తెలుసుకుంది, కాంటాను చేరింది, క్షణంలో తూకం తెచ్చింది. బరువు బాగా పెరిగినందుకు జయరాజ్ ముత్తెమ్మను అభినందించి, తడిసిన సరుకు కొనరాదన్న నియమం కింద బస్తాలను వాపసు పంపాడు. ఎక్కడికి పంపాలన్న విషయంలో కంప్యూటర్ ఒక్క క్షణం కూడా తడబడలేదు: ముత్తెమ్మ, ఆలూర్.