ఐర్లండ్ మెలిక, ముదిగొండ ముగ్గు

ఉదయం ఆరుంపావుకు రాజ్యశ్రీ ఫోన్‌కు శుభవార్త వచ్చింది. "మేడమ్, డిజైన్ రెడీ. రేపు పదకొండుకు ఇద్దరూ వచ్చెయ్యండి." పంపింది ఖమ్మంలో టాటూలు వేసే అనిల్‌కుమార్. కింద బొమ్మ ఉంది. వెయ్యేళ్ళ కిందట ఐర్లండ్ సన్యాసులు చేత్తో రాసిన పుస్తకాల అంచుల్లో వేసుకున్న మెలికల ముడి అది. మధ్యలో పొడవు మెడ పక్షి ఒకటి తన తోకను తానే కరుచుకుని ఉంది. మొదలూ చివరా లేని ఒకే గీత! పెళ్ళయి డెబ్బైరెండు రోజులు. ఆ గీత తన మణికట్టు మీదొకటి, చైతన్య మణికట్టు మీదొకటి అనుకునేసరికి రాజ్యశ్రీ పాల గిన్నె కింద మంట ఆర్పేసి వంటింట్లోనే రెండు చుట్లు గిరగిరా తిరిగింది.

చిక్కల్లా అత్తగారు పద్మావతమ్మ. మేనల్లుడు చిరంజీవి భుజం మీద తేలుబొమ్మ వేయించుకొస్తే, నెలరోజులపాటు వసారాలోనే కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి ఆవిడ. వేయించుకున్నాక తెలిస్తే తిట్లతో పోతుంది, ముందే తెలిస్తే టాటూయే పోతుంది. అందుకే కొత్త దంపతులు నోరు కుట్టేసుకున్నారు.

"ఏందే, ఫోన్ చూసి నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్?" వెనకనుంచి వచ్చిన పద్మావతమ్మ ఫోన్ అందుకుంది.

"అదీ... ముగ్గు అత్తయ్యా. మా మధిర దిక్కు ముగ్గు."

"ఎన్ని చుక్కలు?"

"చుక్కలుండవు."

"చుక్కల్లేకుండ గిన్ని మెలికలా!" ముదిగొండ ఊరి ముగ్గుల పోటీలో ఎనిమిదేళ్ళుగా మొదటి బహుమతి ఇంకో ఇంటికి పోనివ్వని పద్మావతమ్మకు రోషం వచ్చింది. "మధిరోళ్ళకు వచ్చేది నాకు రాదా?" ఒక చేత్తో ముగ్గు డబ్బా, ఇంకో చేత్తో కోడలి ఫోన్ పట్టుకుని వాకిట్లోకి నడిచింది.

గంట గడిచింది. గీత కలవలేదు. ఎటు తిప్పినా పక్షి మెడ దగ్గర రెండు కొసలు వేలాడుతూనే ఉన్నాయి. చెరిపి పెద్దగా వేసింది. వాకిలి చాలక రోడ్డెక్కింది. ఎదురింటి మహబూబ్ అలీ భార్య, మగ్గం పని చేసే బేగం, దారం పక్కన పడేసి వచ్చింది.

"వదినా, గిది కలిసేది కాదు."

"నా చేతిల కలవని ముగ్గుందా?"

"నా చేతిలకియ్యి, కలుపుత."

బేగం చేతిలోనూ కలవలేదు. ఆ వీధి ఆడవాళ్ళు తొమ్మిదిమంది తలా ఒక చోట మొదలుపెట్టారు. సిమెంటు రోడ్డంతా తోకలు కరుచుకున్న పక్షులే. మధ్యమధ్యలో రాజ్యశ్రీ ఫోన్ మోగుతోంది. పొలంలో మోటారు వెయ్యడానికి పోయిన చైతన్య!

"అత్తయ్యా, ఒక్కసారి ఫోన్..."

"ఆగవే, బొమ్మ పోతాంది." పద్మావతమ్మ నాలుగుసార్లు కొడుకు ఫోన్ కట్ చేసింది.

అప్పుడే పత్తి ట్రాక్టర్‌తో పగిడయ్య వచ్చాడు. రోడ్డు చూసి బ్రేకేశాడు.

"ఎవరికి దిష్టి తీసిండ్రమ్మా? నేనైతే దాటను. లోడు పల్టీ కొడితే పూచీ ఎవరిది?"

"దిష్టి కాదయ్యా, ముగ్గు! అయినా కలిసిందాక నేనే తొక్కనియ్య."

పగిడయ్య వెనక స్కూలు బస్సు ఆగింది. దాని వెనక రెండు ఆటోలు. బడికి పోవాల్సిన పిల్లలు కిటికీల్లోంచి "అటు తిప్పు పెద్దమ్మా, ఇటు తిప్పు" అని సలహాలు విసురుతున్నారు. భార్య నాలుగుసార్లు ఫోన్ కట్ చేసిందంటే ఏ ఉపద్రవం వచ్చిందోనని బండి మీద దూసుకొచ్చిన చైతన్య, బస్సు పక్కనుంచి దూరి, రోడ్డు చూసి కెవ్వుమన్నాడు.

"రాజీ! మన టాటూ రోడ్డు మీదికెట్ల వచ్చింది?"

పద్మావతమ్మ నడుం పట్టుకుని లేచింది.

"టాటూ అంటే పచ్చబొట్టే గద? గిది చేతి మీద పొడిపించుకుందామనుకున్నవా?"

"అవ్ అత్తయ్యా, రేపు ఖమ్మంల," అంది రాజ్యశ్రీ. అంతా అయిపోయిందనుకుంది. మణికట్టు కొంగులో దాచుకుంది.

"రెండు కొసలు తెగిన గీతనా? కొత్తగ పెళ్ళైనోళ్ళు, సచ్చిందాక చెరగని గీత గిట్ల తెగినదా? బుద్ధుందా?"

రాజ్యశ్రీ గబగబా ఫోన్ తీసుకుని, తను అనిల్‌కుమార్‌కు పంపిన పాత పుస్తకంలోని అసలు పేజీ ఫొటో తెరిచింది. పద్మావతమ్మ వేళ్ళతో పెద్దది చేసి, మెడ వెంబడి గోరు జరుపుకుంటూ పోయింది.

"సూడు బేగం! ఆ సన్నాసులు మంచిగనే వేసిండ్రు. గీడ మెడ కిందినుంచి పోవాలె. వీళ్ళ ఖమ్మమోడు పైనుంచి పోనిచ్చి మెలిక మింగిండు."

పిండి తీసుకుని ఒక్క మెలిక తిప్పింది. రెండు కొసలూ కలిశాయి. బస్సులో పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మరి తేలుబొమ్మకు చిరంజీవి బావను బయట కూసోబెడితివి గదమ్మా?" చైతన్య ఉండబట్టలేక అడిగాడు.

"తేలు ముగ్గారా?" ఆవిడ చేతులు దులుపుకుంది. "రేపు ఎనిమిదిన్నర బస్సుకు నేనూ వస్త. ఆ పిల్లగాడు ముందుగాల నా ముందట నేల మీద వేసి చూపియ్యాలె. కలిస్తెనే సూది ముట్టనిస్త. నాకూ ఒకటి పొడవాలె, చిన్నది."

"నేను పొడిపించుకోను గని, గీత సక్కగ పోతున్నదో లేదో చూస్త," అంది బేగం. మిగతా ఏడుగురూ కూడా బస్సు టైము ఇంకోసారి అడిగి తెలుసుకున్నారు.

రేపటి పరీక్ష సంగతి అనిల్‌కుమార్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు.