అలుగు బొరియలో అతి తేలిక నూనె

ఒక పెద్ద అడవిలో పోలమ్మ అనే అలుగు ఉండేది. వానలు రాకముందే బొరియ లోతు చేసుకుందామని తవ్వుతుంటే, అడుగు నుంచి బుస్సుమని గాలి తన్నుకొచ్చింది. వెనకే నీళ్లలాంటి నూనె గోలెమెడు ఊరి ఆగింది. ఆ ఘాటుకి కళ్లు మండి, పిల్లని తోక మీద ఎక్కించుకుని బయటపడింది పాపం.

నేరుగా అడవి మండలికి వెళ్లి మొత్తుకుంది. "అయ్యా, దాన్ని తోడి పారబోయించండి. తొలకరి లోపు నా ఇల్లు నాకు కావాలి."

"పారబోయడమా!" మార్కెట్ నిపుణుడు కొండముచ్చు ఎగిరి గంతేశాడు. "అది కండెన్సేటమ్మా! భూమిలో ఉంటే గాలి, పైకొస్తే అతి తేలిక నూనె. గిరాకీ ఎంతుందో సర్వే చేసేదాకా చుక్క కదపడానికి వీల్లేదు!"

అధ్యక్షుడు ఎలుగుబంటి సరేనని బొరియకి బండ మూత వేయించాడు.

సర్వే అంటే ఏముంది, రోజూ మూత తీసి జంతువుల్ని వరసగా వంగబెట్టి వాసన చూపించడమే. ఆ ఘాటుకి బుర్ర తిరగని వాడు లేడు.

"ఎన్ని కుండలు కావాలి?"

"పది!" అంది కుందేలు, తూలుతూ.

"నాకు పదిహేను! దేనికో మాత్రం అడక్కండి," అన్నాడు అడవిపంది.

ఆ లెక్కలు చూసి ఎలుగుబంటి పక్క అడవి ఏనుగులకి నూరు కుండలు ఇస్తానని మాటిచ్చేశాడు.

పోలమ్మకి ఒళ్లు మండిపోయింది. కొండముచ్చుని నాలుగు దులిపేద్దామనే వెళ్లింది. తీరా తొంగి చూస్తే, నూనె మొదట్లో కంటే జానెడు దిగి ఉంది; మూత తీసినప్పుడల్లా ఆవిరైపోతోందన్నమాట! నోటిదాకా వచ్చిన తిట్లు మింగేసి, "బాబూ, మరి నెమళ్లని అడగరా? తాబేళ్లు ఏం పాపం చేశాయి?" అంది.

"నిజమే సుమా!" అని కొండముచ్చు మళ్లీ మూత తీయించాడు. పోలమ్మ రోజుకో జాతిని గుర్తుచేస్తూనే ఉంది.

మబ్బులు పట్టేసరికి నివేదిక తయారైంది: ఇరవై ఏళ్ల దాకా గిరాకీకి ఢోకా లేదు! ఆ రోజే ఏనుగులు కుండలతో దిగాయి. మూత తీస్తే లోపల పొడి మట్టి.

"సరుకేదయ్యా?" పెద్ద ఏనుగు ఘీంకరించింది.

"చూశారా, గిరాకీ అంత గట్టిగా ఉంది!" అన్నాడు కొండముచ్చు.

ఏనుగులు అతన్నీ ఎలుగుబంటినీ తలో కుండలో కుక్కాయి. "నూరు కుండలూ నిండేదాకా మా అడవిలో తవ్వుదురు గాని, పదండి!"

తొలి చినుకు పడింది. పోలమ్మ పిల్లతో హాయిగా బొరియలోకి దూరింది.

నీతి: అక్కర్లేని సరుకు వదిలించుకోవాలంటే కొనేవాళ్లే దొరకనక్కర్లేదు, సర్వే చేసేవాళ్లు చాలు.