మాస్టారి పొగమంచు లైట్లు

ఆ శనివారం పొద్దున డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత మోటారు సైకిలుకు రెండు పొగమంచు లైట్లు బిగించాలి, మర్నాడు తెల్లవారుజామున భార్యను వెనక కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డెక్కాలి. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి వెళ్ళారు. తర్వాత పిల్లలు, బడి, పరీక్ష పేపర్లు. ముప్ఫై ఏళ్ళు ఎటు పోయాయో తెలియలేదు. రిటైరైన రోజు నుంచీ మాస్టారికి ఇదే ధ్యాస.

"కొండమీద పొగమంచు. మీ బండి లైటేమో ఆముదం దీపం," అంది ఆవిడ. "ఇంకో రెండు లైట్లుంటే వస్తాను. లేదంటే అక్కావాళ్ళ కారులో వెళ్తా. పన్నెండులోపు అక్కకి మాట చెప్పాలి."

మాస్టారు ముందు ఏడు రంగుల పెన్సిళ్ళతో వైరింగు బొమ్మ గీశారు. లైట్లు రెండూ ఇంజను ముందున్న గార్డుకు బోల్టులతో బిగించారు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత పాత వైర్లూ కొత్త వైర్లూ విడదీసి, ఒక్కో కొసకూ చీటీ అతికించి, ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు రాశారు. హారను, బ్రేకు, బ్యాటరీ... మొత్తం పద్నాలుగు చీటీలు. వాటిని కదలకుండా పట్టుకోవడానికి బావమరిదిని పిలిచారు.

బావమరిది దర్జీ. మంచి పనివాడు. మాస్టారు లోపలికెళ్ళి టేపు తెచ్చేసరికి వైర్లన్నీ జడలా అల్లి, దారంతో చుట్టేసి కూర్చున్నాడు.

"ఎలా ఉంది బావా?"

"బాగుంది. చీటీలేవిరా?"

"ఆ వేలాడే కొసలా? కత్తిరించేశా. ఫినిషింగ్ ఉండద్దూ?"

పద్నాలుగు చీటీలూ నేలమీద ఉన్నాయి. ఏ బట్ట చేతికొచ్చినా వేలాడే దారం కత్తిరించడం అతనికి పాతికేళ్ళ అలవాటు. తిట్టి లాభం లేదు. పోనీ బొమ్మ చూసి కలుపుదామంటే, బొమ్మలో ఏడు రంగులు, బండిలో వైర్లన్నీ ముప్ఫై ఏళ్ళ జిడ్డు పట్టి ఒకటే నలుపు.

ఉజ్జాయింపుగా కలిపారు. లైటు స్విచ్చి వేస్తే హారను మోగింది. బ్రేకు తొక్కితే కుడి ఇండికేటరు కన్ను కొట్టింది. హారను నొక్కితే పొగమంచు లైట్లు వెలిగాయి.

"వెలిగాయిగా బావా. లోపలున్న అక్కకి చెప్పేయనా?"

"కొండ దిగేదాకా హారను మీద వేలు తీయకుండా పోవాలా?"

సరిచేయబోతే ఈసారి హారను మొదలై ఇక ఆగలేదు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న పై వాటా నర్సు పరుగున మెట్లు దిగింది.

"మాస్టారూ, ఎవరికైనా ఏమైనా అయిందా?"

"అవుతోందమ్మా," అన్నారు మాస్టారు చెవులు మూసుకుని.

బావమరిది కంగారుపడ్డాడు. చేతిలో కత్తెర ఉండనే ఉంది. జడ మొత్తం ఒక్క వేటుకు తెంచేశాడు. హారను ఆగింది. దాంతోపాటు హెడ్‌లైటు, ఇండికేటర్లు, కొత్త లైట్లు, అన్నీ ఆగిపోయాయి. ఒక్క ఇంజను మాత్రం కిక్కు కొడితే పలికింది.

పన్నెండుకు పది నిమిషాలుందనగా మాస్టారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "అక్కయ్యకు ఫోన్ చెయ్యి. కారులోనే వెళ్ళు. ఉన్న లైటు కూడా పోయింది."

ఆవిడ ఫోను తీసింది. "అక్కా, నేను కారులో రావట్లేదు. తెల్లారాక ఆయనతో బండి మీద వస్తా."

మాస్టారు తెల్లబోయారు. "లైటు లేదంటున్నానుగా."

"అప్పుడు మాత్రం ఉందా? ఘాట్ మధ్యలో బల్బు పోలేదూ? తెల్లారేదాకా పిట్టగోడ మీద కూర్చున్నాం. మీ హెడ్మాస్టరంటే మీకున్న భయం, చిన్నప్పుడు దొంగిలించిన రంగుల పెట్టె, అన్నీ చెప్పుకొచ్చారు. తెల్లారింది, బండెక్కారు, అంతే. మళ్ళీ అంతసేపు నాతో మాట్లాడిందే లేదు."

"మరి లైట్లు కావాలన్నది నువ్వేగా?"

"అడిగితే మీరే బిగిస్తారని తెలుసు. మీరు బిగిస్తే ఉన్న లైటు కూడా ఆరిపోతుందనీ తెలుసు. ఇంత త్వరగా ఆరిపోయిందంటే మా తమ్ముడి పుణ్యం."

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. జిడ్డు చేతులతో తుడుచుకోబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

మర్నాడు పిట్టగోడ మీద కూర్చుని మాస్టారు ముప్ఫై ఏళ్ళ కబుర్లు మొదలుపెట్టారు. కొండ దిగినా ఆపలేదు, ఇల్లు చేరినా ఆపలేదు.

సోమవారం పొద్దున్నే ఆవిడ మెకానిక్‌ను పిలిపించి, దగ్గరుండి నాలుగు లైట్లు పెట్టించింది.